నిలవ ఉంచిన వంటలో ఎవరి హక్కు ఎంత?



విశాఖపట్నం పూర్ణా మార్కెట్ ప్రాంతంలో నివసించే ఒక సోదరి మాకొక ప్రశ్న పంపారు. ఆమె భర్తకు మూడు షిఫ్టుల ఉద్యోగం. పిల్లలది బడి వేళ, వృద్ధుడైన మామగారిది మందుల వేళ. ఒకే ఇంట్లో ఒకే రోజున నాలుగు సార్లు పొయ్యి వెలిగించవలసి వస్తున్నది. అందుచేత ఆదివారం నాడు మార్కెట్టు నుంచి సరుకు తెప్పించి, దాల్చా, ఖీమా వంటివి ఒకేసారి వండి, గిన్నెలలో సర్ది, వారంలో రెండు మూడు రోజులకు నిలవ ఉంచుకోవాలని ఆమె ఆలోచన. అత్తగారికి ఇది నచ్చలేదు. ఫ్రిజ్‌లో దాచిన కూర వల్ల ఇంట్లో బర్కత్ ఉండదనీ, రేపటి కోసం దాచడం అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడమేననీ ఆమె మాట. "మేము చేయబోయేది తప్పా? తప్పు కాకపోతే ఎలా చేయాలి?" అని సోదరి అడిగారు.

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తున్నది గాని, దీనిలో ధర్మం ఉన్నది, ఆరోగ్యం ఉన్నది, అత్తాకోడళ్ల నడుమ మనశ్శాంతి కూడా ఉన్నది. కాబట్టి ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

గడియారం పంచిన ఊరు

విశాఖ వంటి ఊరిలో ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 1933లో ఓడరేవు తెరుచుకున్నప్పటి నుంచి ఈ పట్టణంలో రాత్రికీ పగటికీ మధ్య గీత చెరిగిపోతూ వచ్చింది. 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. ఓడ రాత్రి వస్తే రాత్రే సరుకు దింపాలి. కొలిమి ఒకసారి రగిలితే పండుగ నాడైనా చల్లారనివ్వరాదు. ఆ పనిలో ఉన్నవారి ఇళ్లలో భోజన వేళను సూర్యుడు నిర్ణయించడు, డ్యూటీ చార్టు నిర్ణయిస్తుంది. ఇంటి యజమాని తెల్లవారుజామున బయలుదేరే వారం ఒకటి, అర్ధరాత్రి దాటి ఇల్లు చేరే వారం మరొకటి. వీరందరి కడుపులకూ కాపలా కాసేది మాత్రం ఒక్క గృహిణి. ఆమెకు షిఫ్టు మారదు, వారాంతపు సెలవు లేదు.

ఈ స్థితిలో ఒకసారి వండి రెండు మూడు పూటలకు జాగ్రత్త చేసుకోవడం సోమరితనం కాదు. ఆమె నిద్రకూ, నమాజుకూ, పిల్లల చదువుకూ కాస్త సమయాన్ని తిరిగి సంపాదించుకోవడం.

దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమా?

ముందుగా అత్తగారి సందేహాన్ని గౌరవంతో పరిశీలిద్దాం. రేపటి చింతతో కూడబెట్టడాన్ని మన పెద్దలు ఇష్టపడలేదన్నది నిజమే. అయితే దైవప్రవక్త (సల్లం) తమ కుటుంబం కోసం ఒక సంవత్సరానికి సరిపడే ఆహారాన్ని కేటాయించి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. అల్లాహ్ మీద అందరికన్నా ఎక్కువ భారం వేసినవారు ఇంటివారి భోజనానికి ముందుగా ఏర్పాటు చేశారంటే, ఏర్పాటు వేరు, అపనమ్మకం వేరు అని స్పష్టమవుతున్నది.

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో హజ్రత్ యూసుఫ్ (అలైహి) ఈజిప్టు ప్రజలకు చెప్పిన ఉపాయం అందరికీ తెలిసినదే. రాబోయే ఏడు కరువు సంవత్సరాల కోసం, పండిన ధాన్యాన్ని తినడానికి కావలసిన కొద్దిపాటి మినహా వెన్నులలోనే ఉంచి భద్రపరచమన్నారు. వెన్ను నుంచి విడదీయని గింజకు దాని పొట్టే రక్ష. అంటే దాచమని చెప్పడంతో ఆయన ఊరుకోలేదు. చెడిపోకుండా దాచే పద్ధతిని కూడా నేర్పారు. ఈ రెండవ భాగాన్ని మనం తరచు మరచిపోతాము.

హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట ఒకటి బుఖారీలో ఉన్నది. తాము మేక కాళ్లను దాచి ఉంచి పదిహేను రోజుల తర్వాత కూడా తినేవారమని ఆమె అన్నారు. అంత అవసరం ఏమి వచ్చిందని అడిగితే ఆమె నవ్వి, ముహమ్మద్ (సల్లం) ఇంటివారు వరుసగా మూడు రోజులు కూరతో గోధుమ రొట్టె కడుపునిండా తిన్నది లేదని జవాబిచ్చారు. మనం పాయా అని ప్రీతితో వండుకునే వస్తువే అది. ఆ పుణ్యగృహంలో నిలవ ఉంచడం విలాసం కాదు, ఉన్న కొంచెమూ వృథా కాకుండా చూసుకోవడం. ఉప్పు రాసి ఎండబెట్టిన మాంసాన్ని అరబ్బులు ఖదీద్ అనేవారు. మన పల్లెలలో పసుపూ ఉప్పూ పట్టించి దండెం మీద ఆరవేసే ఉప్పుకండం దాని తోబుట్టువే.

మూడు రోజుల ఆదేశం చెప్పే పాఠం

ఇక్కడ ఒక ముఖ్యమైన హదీసును జ్ఞాపకం చేసుకోవాలి. ఒక సంవత్సరం బక్రీద్ నాడు దైవప్రవక్త (సల్లం) ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఇంట్లో ఉంచుకోవద్దన్నారు. మరుసటి సంవత్సరం సహాబాలు ఈసారి కూడా అలాగే చేయాలా అని అడిగారు. ఆయన తినమనీ, తినిపించమనీ, నిలవ చేసుకోమనీ అనుమతించారు. కిందటేడు ప్రజలు కష్టంలో ఉన్నందువల్ల వారికి మీరు తోడ్పడాలని అలా చెప్పానని కారణం కూడా వివరించారు. ఆ ఏడు ఎడారి ప్రాంతాల నుంచి పేదలు మదీనాకు వచ్చి ఉన్నారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తున్నది.

మూడు రోజుల ఆదేశాన్ని నేటి ఆరోగ్య సూత్రాలతో ముడిపెట్టి, అందుకే అలా చెప్పారని కొందరు ప్రసంగాలలో అంటూ ఉంటారు. మేము అలా అనము. కారణం హదీసులోనే ఉన్నది. అది పొరుగువాడి ఆకలి. వీధిలో ఆకలి ఉన్నప్పుడు నిలవకు హద్దు ఏర్పడింది, ఆకలి తీరినప్పుడు ఆ హద్దు తొలగింది. కాబట్టి "దాచవచ్చునా?" అన్న ప్రశ్నకు ధర్మం ఇచ్చే జవాబు ఫ్రిజ్‌లో లేదు, గుమ్మం బయట ఉన్నది. తినడం, తినిపించడం, దాచడం అనే మూడింటిలో మధ్యది జారిపోతే మూడవది లోభంగా మారుతుంది. అత్తగారి భయం ఈ లోభం గురించి అయితే ఆమె మాట నూటికి నూరు పాళ్లు నిజం.

ఒకే గిన్నె వంట మనకు కొత్త కాదు

క్యాసెరోల్ అనగానే మన ఇళ్లలో రొట్టెలు వేడిగా ఉంచే మూత డబ్బా గుర్తుకు వస్తుంది. పాశ్చాత్య దేశాలలో ఆ పేరు ఒక వంటకానిది కూడా. మాంసం, కూరగాయ, గింజ లేదా దుంప ఒకే పాత్రలో పేర్చి, మూత పెట్టి, సన్నని వేడి మీద నింపాదిగా ఉడికించి, ఆ పాత్రతోనే వడ్డిస్తారు. పేరు పరాయిదైనా పద్ధతి మనదే. మూత అంచుకు పిండి అద్ది, కిందా పైనా నిప్పులు పెట్టి వండే దమ్ ఇదే గదా! హలీం, ఖిచ్‌డా, తహారీ, శనగపప్పుతో చేసే ఖుబూలీ, దాల్చా అన్నీ ఈ కుటుంబానివే. హిజ్రీ 623లో, అనగా క్రీ.శ. 1226లో, బాగ్దాద్‌లో రచించబడిన వంటల గ్రంథంలో కూడా గోధుమనూ మాంసాన్నీ కలిపి మెత్తగా ఉడికించే హరీసా చోటు చేసుకున్నది.

వీటన్నిటికన్నా మా మనసుకు హత్తుకునే గిన్నె ఒకటి బుఖారీలో ఉన్నది. మదీనాలో ఒక వృద్ధురాలు తన పొలంలో నీటి కాలువ గట్టున సిల్ఖ్ అనే ఆకుకూర పెంచేది. అది మన బీట్‌రూట్ జాతిది. శుక్రవారం నాడు దాని దుంపలను పెరికి, గిన్నెలో వేసి, గుప్పెడు బార్లీ పిండి చల్లి ఉడికించేది. అందులో కొవ్వు లేదు, మాంసం లేదు. సహాబాలు జుమా నమాజు ముగించుకొని ఆమెకు సలాం చెబితే వారి ముందు ఆ గిన్నె పెట్టేది. ఆ వంట కోసమే తాము శుక్రవారం ఎప్పుడు వస్తుందా అని సంతోషంగా ఎదురుచూసేవారమని హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) చెప్పారు. గుప్పెడు పిండి, నాలుగు దుంపలు, ఒక గిన్నె! బర్కత్ దేనిలో ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

మార్కెట్టు నుంచి గిన్నె వరకు

సోదరి అడిగిన రెండవ ప్రశ్నకు వద్దాం. పూర్ణా మార్కెట్ దగ్గర ఉండడం ఆమెకు కలిసివచ్చిన అదృష్టం. కూరగాయ, ఆకుకూర, పప్పు, మసాలా దినుసు అన్నీ ఒకే చుట్టులో దొరుకుతాయి. పొద్దున్నే వెళితే తాజాగానూ దొరుకుతాయి. అయితే చవకగా వచ్చిందని బస్తాల కొద్దీ కొనడం పొదుపు కాదు. ముందు ఇంట్లో ఏమున్నదో చూసి, వండబోయే వంటల పేర్లు కాగితం మీద రాసుకొని బయలుదేరాలి. పప్పు, బియ్యం, మసాలా ముందుగా కొని, కూరగాయలు తర్వాత తీసుకొని, మాంసం మాత్రం చివరన కొని నేరుగా ఇంటికి రావాలి. మాంసం సంచి విడిగా ఉండాలి. సముద్రపు ఉక్కపోతలో మాంసం సంచిని చేతిలో పట్టుకొని బేరాలు చేస్తూ తిరగడం మంచిది కాదు.

ఏది నిలవకు ఆగుతుంది, ఏది ఆగదు అన్నది తెలుసుకోవడం సగం విద్య. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, టమాటా వేయించిన మసాలా ముద్ద, ఖీమా, ఖోర్మా, ఉడికించిన శనగలు, పప్పు ఫ్రీజరులో రుచి చెడకుండా ఉంటాయి. బంగాళదుంప ముక్కలు గడ్డకట్టి కరిగితే ఇసుక వలె పలుకుబారతాయి. మెదిపి వేస్తే ఆ ఇబ్బంది తక్కువ. సొరకాయ నీరు వదిలి చితికిపోతుంది. పెరుగూ కొబ్బరిపాలూ విరిగినట్లు అవుతాయి. ఉడికిన గుడ్డు రబ్బరు వలె సాగుతుంది. కొత్తిమీర, పుదీనా సువాసన పోతుంది. కాబట్టి గట్టి సరుకును ముందు వండి దాచాలి, లేత సరుకును వడ్డించే రోజున చేర్చాలి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే దాచిన వంట పాత వంట అనిపించదు.

ఉదాహరణకు దాల్చానే తీసుకుందాం. ఐదుగురు ఉన్న ఇంటికి రెండు పూటలకు శనగపప్పు పావు కిలో, ఎముకతో కూడిన మటన్ అర కిలో, సొరకాయ అర కిలో, ఉల్లిపాయలు మూడు, చింతపండు పెద్ద నిమ్మకాయంత కావాలి. పప్పు గంట సేపు నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించి గరిటెతో మెదపాలి. మరొక గిన్నెలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి, అందులో మాంసాన్ని ఎముక నుంచి విడిపోయేటంత మెత్తగా ఉడికించాలి. ఈ రెండూ కలిపి ఒక పొంగు రానిచ్చి రెండు సమభాగాలు చేయాలి. ఒక భాగం నాటి పూటకు. రెండవ భాగంలో సొరకాయ, పులుసు వేయకుండానే చల్లార్చి దాచాలి. తినే రోజున దానిని బాగా మరిగించి, విడిగా ఉడికించిన సొరకాయ ముక్కలూ చింతపండు రసమూ చేర్చి పది నిమిషాలు ఉడకనిచ్చి, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెడితే అప్పుడు వండిన వంటే అనిపిస్తుంది. పక్కన వేడి అన్నం, ఒక ఉల్లిపాయ ఉంటే చాలు.

పిల్లలు ఇష్టపడేది మరొకటి. బఠానీలు వేసి పొడిగా వండిన ఖీమాను లోతైన పాత్రలో అడుగున పరచి, పైన పాలు, ఉప్పు, మిరియాల పొడి కలిపి మెదిపిన బంగాళదుంపను మందంగా కప్పి దాచవచ్చు. తినే రోజున ఓవెన్ ఉన్నవారు అందులో పెట్టవచ్చు. లేనివారు మందపాటి పెనం మీద పాత్ర నుంచి, మూత బిగించి, సన్నని సెగ మీద నడిమి భాగం కూడా పొగలు కక్కేదాకా దమ్ చేయవచ్చు. పెనం మీద పెట్టేది లోహపు పాత్ర అయి ఉండాలి. గాజు పాత్రను మంట మీద పెట్టరాదు.

చల్లార్చడంలోనే ఉన్నది జాగ్రత్త

వంట చెడిపోయేది ఎక్కువగా ఫ్రిజ్‌లో కాదు, ఫ్రిజ్‌లోకి వెళ్లడానికి ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన అయిదు సూత్రాలు ఇవి: పరిశుభ్రత, పచ్చి వస్తువునూ వండిన దానినీ విడిగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, తగిన ఉష్ణోగ్రతలో ఉంచడం, మంచి నీరూ మంచి సరుకూ వాడడం. వాటి ప్రకారం వండిన ఆహారాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి వదలరాదు. 5 డిగ్రీల సెల్సియస్‌కూ 60 డిగ్రీలకూ నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వేడిగా ఉంచితే 60కి పైన, చల్లగా ఉంచితే 5కు లోపు ఉండాలి.

పెద్ద గిన్నెడు దాల్చాను మూతపెట్టి గట్టు మీద వదిలితే దాని నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అందుచేత దానిని రెండంగుళాల లోతుకు మించని వెడల్పు పాత్రలలోకి పంచాలి. పళ్లెంలో చల్లని నీరు పోసి అందులో ఆ పాత్రలు ఉంచి కలుపుతూ ఉంటే త్వరగా చల్లారుతుంది. పిదప మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. రాత్రి వేళ పాత్రలపై మూత ఉంచమన్న ప్రవక్త (సల్లం) ఉపదేశం ఇక్కడ చక్కగా అమలవుతుంది.

అన్నం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా పడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రొట్టెల కోసం కొన్న మూత డబ్బాలో రాత్రి పులావు సర్ది మరునాడు మధ్యాహ్నం బడికి పంపడం ఈ కారణంగానే ప్రమాదకరం. ఆ డబ్బా కొన్ని గంటలు వేడిని నిలుపుతుంది గాని రాత్రంతా 60 డిగ్రీలను నిలపలేదు. కాబట్టి ఖోర్మా దాచుకోండి, అన్నం మాత్రం ఆ పూటకు ఆ పూట వండుకోండి.

మిగిలిన సంగతులు క్లుప్తంగా చెబుతాము. ఫ్రిజ్‌లో ఉంచిన కూరను మూడు నాలుగు రోజులలో ముగించాలి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు మూడు నెలల వరకు రుచి నిలుస్తుంది. పచ్చి మాంసం కింది అరలో, వండినవి పై అరలో ఉండాలి. గడ్డకట్టేటప్పుడు పులుసు ఉబ్బుతుంది కాబట్టి పాత్రను అంచు దాకా నింపరాదు. చింతపండు వేసిన వంటను అల్యూమినియంలోనూ కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలోనూ ఉంచరాదు. స్టీలు, గాజు మేలు. ఫ్రీజరు లోనిది ముందు రాత్రే కింది అరలోకి మార్చి కరగనివ్వాలి. ఒక్క పూటకు కావలసినంతే వేడి చేయాలి, అది అంతటా పొగలు రావాలి. ఒకసారి కరిగి వేడి చేసిన దానిని తిరిగి గడ్డకట్టించరాదు.

ప్రతి పాత్ర మీదా వంట పేరూ తేదీ రాసిన చీటీ అతికించండి. శుభం కోసమని ఆ చీటీ మీద అల్లాహ్ పేరు గాని ఆయతు గాని రాయవద్దు. అది చివరకు చెత్తబుట్టలో పడుతుంది. బిస్మిల్లాహ్ వండేటప్పుడు నాలుక మీద ఉంటే చాలు.

తుఫాను నేర్పిన లెక్క

ఫ్రిజ్ మీద మితిమీరిన భరోసా తగదని విశాఖ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2014లో బక్రీద్ అక్టోబరు 6న వచ్చింది. ఆరు రోజులు గడవగానే, అక్టోబరు 12 ఆదివారం నాడు, హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్నే తాకింది. స్తంభాలు కూలి, ఎన్నో ప్రాంతాలలో రోజుల తరబడి విద్యుత్తు లేకపోయింది. ఖుర్బానీ మాంసం ఆ పండుగ వారంలోనే పంచినవారికి దాని ప్రతిఫలం అప్పటికే రాసి ఉన్నది. తర్వాత చూద్దామని ఫ్రీజరు నింపుకున్నవారికి కరెంటు లేని ఆ రోజులు మిగిల్చేది కరిగిన నీరే గదా!

ఇందులో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగమే ఉన్నది 24 గంటలు ఆగుతుంది. తుఫాను హెచ్చరిక వినగానే ఉన్నదంతా లెక్క చూసి, వండవలసినది వండి, పంచవలసినది పంచడం మేలు. చెడిపోయాక పారవేసిన దానికి అల్లాహ్ ముందు లెక్క చెప్పాలి. చెడిపోకముందే ఇచ్చిన దానికి ప్రతిఫలం అందుకోవాలి. రెండింటి మధ్య దూరం ఒక్క పూటే.

గిన్నెలో ముగ్గురి హక్కు

మొదటి హక్కు వండిన చేతిది. సేవకుడు భోజనం తెచ్చినప్పుడు అతనిని పక్కన కూర్చోబెట్టుకోమనీ, వీలు కాకుంటే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వమనీ, దాని వేడినీ శ్రమనూ భరించినవాడు అతడే గదా అనీ ప్రవక్త (సల్లం) బోధించారు. పొయ్యి వేడిని ఆయన లెక్కలోకి తీసుకున్నారు! సేవకుడికే అంత హక్కు ఉంటే ఇల్లాలి హక్కు ఎంతటిది? ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. కాబట్టి రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన భర్త, నిద్రపోతున్న భార్యను లేపి కూర వేడి చేయించుకోకుండా తానే వేడి చేసుకుంటే అది అవమానం కాదు, సున్నత్. యుక్తవయసు వచ్చిన కుమారులకు కూడా ఈ పని నేర్పండి. దాచిన వంట వల్ల మిగిలిన సమయంలో ఇల్లాలి మీద మరొక పని మోపితే ఈ ఏర్పాటు ప్రయోజనమే నశిస్తుంది.

రెండవ హక్కు తినేవారి శరీరానిది. హాని చేయడమూ హానికి బదులు హాని చేయడమూ కూడదన్నది మన ధర్మశాస్త్రపు మూల సూత్రాలలో ఒకటి. వాసన మారిన కూరను వృథా చేయకూడదన్న పేరుతో వృద్ధులకు, పసివారికి పెట్టడం పొదుపు కాదు. ఎక్కువ వండి పారవేయడమూ తప్పే. తినండి, త్రాగండి గాని మితిమీరకండన్న ఖుర్ఆన్ ఆదేశం అందరికీ తెలిసినదే. ఆ రెండు తప్పులకూ మందు ఒక్కటే, కొలత తెలిసి వండడం.

మూడవ హక్కు పొరుగువారిది. పులుసు వండేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కి ప్రవక్త (సల్లం) చెప్పిన మాట దాల్చా వండే ప్రతి ఇంట వినిపించాలి. ఆదివారం రెండు పాత్రలు నింపేవారు మూడవ పాత్ర కూడా చిన్నదొకటి నింపండి. అది ఫ్రీజరుకు కాదు, పక్కింటికి. పొరుగువారు ఏ మతస్థులైనా పొరుగువారే. వారు మాంసం తినని వారైతే మాంసం కలపకముందు తీసిన పప్పునే విడి గిన్నెలో తాలింపు పెట్టి పంపండి.

ఇక్కడ కటువుగా ఒక మాట చెప్పక తప్పదు. నాలుగు రోజులు దాచి, ఇక ఇంట్లో ఎవరూ ముట్టరని తేలాక, ఆ కూరను పనిమనిషికో వాచ్‌మన్‌కో ఇచ్చి దానం చేశామనుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. తమకు ఇస్తే కళ్లు మూసుకొని తప్ప తీసుకోని చెడు వస్తువును ఏరి దానానికి ఉద్దేశించవద్దని అల్ బఖరా సూరా 267వ ఆయతు విశ్వాసులను హెచ్చరిస్తున్నది. ఇవ్వదలచుకుంటే మొదటి రోజునే, మీరు తినే దానిలోంచి, మీరు తినే పాత్ర వంటి పాత్రలో ఇవ్వండి.

అత్తగారికి, కోడలికి

అమ్మా, బర్కత్ గురించి మీరు చెప్పినది మేము కాదనము. తింటున్నాం గాని తృప్తి కలగడం లేదని సహాబాలు మొరపెట్టుకుంటే, మీరు విడివిడిగా తింటున్నారేమో, కలిసి కూర్చొని అల్లాహ్ పేరు చెప్పి తినండి, అందులో మీకు బర్కత్ కలుగుతుందని ప్రవక్త (సల్లం) వారికి చెప్పారు. అంటే బర్కత్‌ను తరిమేది ఫ్రిజ్ కాదు, ఎవరి పళ్లెం వారిది అన్న అలవాటు. మీ ఇంట్లో గడియారం అందరినీ విడదీస్తున్నది. దాచిన వంట ఆ ఎడబాటును కొంత పూడ్చగలదు. కోడలు పొయ్యి దగ్గర నిలబడకుండా మీతోపాటు దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోగలిగిన పూట బర్కత్ గల పూటే.

సోదరీ, నీ ఆలోచన ధర్మసమ్మతమే. అయితే అత్తగారి మాటను కొట్టిపారేయకు. ఏది ఎన్నాళ్లు ఆగుతుందో ఉప్పూ ఎండా తప్ప మరొక సాధనం లేని కాలంలో నేర్చిన చేయి ఆమెది. ఏ గిన్నె పొరుగుకు వెళ్లాలో నిర్ణయించే పని ఆమెకు అప్పగించు. వారంలో కనీసం ఒక పూట, భర్త షిఫ్టు అనుమతించిన రోజున, అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చునేట్లు చూడు. ఆ పూటకు దాచినది కాక తాజాగా ఏదైనా ఒకటి వండు, అది గుప్పెడు పిండితో చేసినదైనా సరే.

తిర్మిజీలో ఉన్న ఒక హదీసు ఈ విషయానికి తుది తీర్పు వంటిది. ప్రవక్త (సల్లం) ఇంట మేకను జిబహ్ చేశారు. ఏమి మిగిలిందని ఆయన అడిగితే, భుజం తప్ప మరేమీ మిగలలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. భుజం తప్ప మిగిలినదంతా నిలిచి ఉన్నదని ఆయన బదులిచ్చారు. ఇంట్లో ఉన్నది తిని ముగిసేది. పంచినది అల్లాహ్ వద్ద నిలిచేది. ఏ ఫ్రీజరూ ఇవ్వలేని నిలవ అది.

అల్లాహ్ మన ఇళ్ల పొయ్యిలను చల్లారనివ్వకుండా కాపాడుగాక! వండే చేతులకు ఆరోగ్యాన్ని, తినేవారికి కృతజ్ఞతను, దాచేవారికి పంచే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.